వర్చువలైజేషన్ లేకపోతే గ్రిడ్ లేదా? ఒక ఐదు మార్కుల తగవు

చాక్‌పీస్_మాస్టారు:
డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పేపర్లు దిద్దుతున్నాను. ఐదు మార్కుల ప్రశ్న: "గ్రిడ్ కంప్యూటింగ్‌ను నిర్వచించి, వర్చువలైజేషన్‌తో దానికున్న సంబంధం రాయండి." ఒక అబ్బాయి రాసిన జవాబు ఇది: "వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను వర్చువలైజేషన్ ద్వారా కలిపి ఒకే పెద్ద కంప్యూటర్‌గా చూపించడమే గ్రిడ్. వర్చువలైజేషన్ లేకపోతే గ్రిడ్ లేదు." నేను రెండు వేశాను. స్టాఫ్‌రూమ్‌లో పక్క సీటు మేడమ్ నాలుగు వేయాల్సిందే అన్నారు. టీ చల్లారింది గానీ తగవు తేలలేదు. ఈ పని చేతులారా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రేపు రీవాల్యుయేషన్‌కి వస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

క్యూలో_జాబ్:
రెండు కూడా ఎక్కువే సార్. పదిహేనేళ్లుగా క్లస్టర్లు (ఒకే చోట కలిపి నడిపే సర్వర్ల గుంపులు) చూసుకుంటున్నాను, గ్రిడ్ అన్న మాటని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటని నిలబెట్టినవాళ్లలో ఒకడైన ఇయాన్ ఫోస్టర్ 2002లో మూడు పరీక్షలు పెట్టాడు. ఒకే అధికారం కింద లేని వనరులను సమన్వయం చేయాలి. అందరూ వాడగలిగే ప్రామాణిక ప్రోటోకాల్స్ మీద నడవాలి. దక్కే సేవ చెప్పుకోదగ్గదిగా ఉండాలి. ఈ మూడింట్లో వర్చువల్ మెషీన్, అంటే ఒక మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో మెషీన్, ఎక్కడుంది? అదే వ్యాసంలో ఆయన సన్ గ్రిడ్ ఇంజిన్‌ని కూడా గ్రిడ్ కాదన్నాడు. పేరులో గ్రిడ్ ఉంటే ఏం, అది ఒకే యజమాని క్లస్టర్‌లో ఏ పని ఎప్పుడు ఎక్కడ నడవాలో చూసే షెడ్యూలర్.

మన పల్లెల్లో నాట్లకి బదులు వెళ్తారు చూడండి. ఈరోజు మీ పొలానికి మేమొస్తాం, ఎల్లుండి మా పొలానికి మీరు రండి. ఎవరి పొలం వారిదే. ఎవరు ఎప్పుడు రావాలి, ఎన్ని రోజులు చేయాలి, మాట తప్పితే ఏంటి అనేది ముందే అనుకుంటారు. గ్రిడ్‌లో అసలు పని ఆ అనుకోవడమే. ఫోస్టర్, కెసెల్మన్, ట్యూకీ ముగ్గురూ 2001లో ఆ జట్టుకి "వర్చువల్ ఆర్గనైజేషన్" అని పేరు పెట్టారు. ఆ "వర్చువల్"ని చూసే కుర్రాడు బోల్తా పడి ఉంటాడు.

పోర్షన్ల_ఇల్లు:
అన్నా, కాస్త నీళ్లు తాగు. వర్చువలైజేషన్ అంటే ఇంటిని పోర్షన్లు చేయడం. ఓనరు ఒక్కడే, ఇల్లు ఒక్కటే, కానీ దేనికదే తలుపు, దేనికదే మీటరు. ఐబీఎం 1960ల్లోనే సీపీ-67తో మెయిన్‌ఫ్రేమ్‌ని ఇలా పంచింది, 1972లో వీఎం/370గా విడుదల చేసింది. మామూలు సర్వర్లనీ ఇలా పంచే సాఫ్ట్‌వేర్లలో 2003లో జెన్ వచ్చింది, 2007లో కేవీఎం లైనక్స్ కెర్నల్‌లోనే కలిసిపోయింది. "వర్చువలైజేషన్ ఒకదాన్ని పది చేస్తుంది, గ్రిడ్ పదింటిని ఒకటి చేస్తుంది, కాబట్టి రెండూ ఎదురెదురు" అని గైడ్లలో రాస్తారు. వినడానికి బాగుంటుంది, పరీక్షలో మార్కులూ పడతాయి. అక్కడితో ఆగితే మాత్రం అసలు సంగతి తప్పిపోతుంది.

నీ బదులు పని ఉదాహరణే తీసుకుందాం. వచ్చినవాళ్లు ఎవరో మీకు సరిగ్గా తెలియదు. వాళ్లు మీ పాత్రల్లో తినరు, వాళ్ల పాత్రలు వాళ్లే మోసుకొస్తారు. వాళ్లని మీ వంటింట్లోకి రానిస్తారా? గ్రిడ్ జాబ్ కూడా అంతే. ఎక్కడో ఉన్న ఒక పరిశోధకుడి ప్రోగ్రామ్ నా సర్వర్ మీద దిగుతుంది. దానికి ఒక పాత లైబ్రరీ కావాలి, నా దగ్గర కొత్తది ఉంది. దాన్ని నా ఫైళ్ల జోలికి పోనివ్వకూడదు. 2003లో ఫిగ్యురెడో, డిండా, ఫోర్టెస్ గ్రిడ్‌ని వర్చువల్ మెషీన్ల మీదే నడపాలని వాదించింది ఇందుకే. యూజర్ అకౌంట్లు ఇచ్చి సర్దుకుందామంటే అటు భద్రతా చాలదు, ఇటు వచ్చినవాడికి కావలసిన అమరికా దొరకదు, వచ్చిన ప్రతివాడికీ ఒక పోర్షన్ ఇచ్చేయండి అన్నారు. కుర్రాడికి మూడున్నర ఇవ్వొచ్చు.

నైట్‌షిఫ్ట్_డీబీఏ:
మీ ఇద్దరికీ ఒక పాత కథ. 2003లో ఒరాకిల్ 10జి డేటాబేస్ వచ్చింది. జి అంటే గ్రిడ్. అమీర్‌పేట కోచింగ్‌లో నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్తే "జి అంటే ఏంటి?" అని అడిగేవాళ్లు, గ్రిడ్ అని ఠక్కున చెప్పేవాళ్లం. "మరి గ్రిడ్ అంటే?" అని ఎవరూ అడగలేదు, బతికిపోయాం. ఆ జి కింద ఉన్నదంతా ఒకే కంపెనీ ఒకే గదిలో పెట్టుకున్న సర్వర్లే. తర్వాత 12సి వచ్చింది, సి అంటే క్లౌడ్. అక్షరం మారితే సిలబస్ మారే రంగంలో నిర్వచనం తప్పు రాశాడని పిల్లాడి మార్కులు కోయడం అన్యాయం.

ఎల్సీ_తీసుకున్నారా:
మా మాట అరువు తెచ్చుకుని మీరు కొట్టుకుంటున్నారు కాబట్టి నేనూ ఒక ముక్క వేస్తాను. ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, కంప్యూటర్లు అంతగా తెలియవు. కరెంటు గ్రిడ్డంటే అందులోని జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాలి. మనకి 50 హెర్ట్జ్. కొత్తగా ఒక జనరేటర్‌ని కలపాలంటే ముందు లయ కలవాలి, లేకపోతే మిషనే పోతుంది.

కానీ ఒక తమాషా ఉంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను ఎక్కేదాకా మన దక్షిణాది గ్రిడ్డుది వేరే లయ. అయినా మిగతా దేశంతో కరెంటు ఇచ్చిపుచ్చుకున్నాం. అందుకున్న దారుల్లో గాజువాక బ్యాక్ టు బ్యాక్ స్టేషన్ ఒకటి. ఒడిశాలోని జయపురం వైపు నుంచి వచ్చే ఏసీని డీసీ చేసి, మళ్లీ మన లయలో ఏసీగా మార్చి ఇటు వదులుతుంది. అటువాళ్ల ఫ్రీక్వెన్సీ ఎంతో ఇటువాళ్లకి అనవసరం. 2012 జులై 31న ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మొత్తం చీకటైనా మన దీపాలు ఆరలేదు, లయ వేరు కాబట్టి.

ఇప్పుడు చెప్పండి. మీ కంప్యూటర్ గ్రిడ్డు రాయచూర్ లైను లాంటిదా, గాజువాక స్టేషన్ లాంటిదా?

టైర్2_పిల్ల:
అంకుల్, మంచి ప్రశ్న. మా గ్రిడ్ రెండూ అయింది, ఒకదాని తర్వాత ఒకటి.

నేను కణ భౌతికశాస్త్రం వైపు. మాది కణాలను ఢీకొట్టే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ కోసం కట్టిన గ్రిడ్. దాన్ని నడిపే సెర్న్ ప్రయోగశాల టైర్-0, అంటే పై అంచె, దాని కింద టైర్-1లు, టైర్-2లు కలిపి 40కి పైగా దేశాల్లో 170 దాకా కేంద్రాలు. మన దేశంలో ముంబయి టీఐఎఫ్ఆర్ సీఎంఎస్ ప్రయోగానికి, కోల్‌కతా వీఈసీసీ ఆలిస్‌కి టైర్-2లు. ఎవరి సర్వర్లు వాళ్లవి, ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి కరెంటు బిల్లు వాళ్లే కడతారు. క్యూలో జాబ్ గారు పెట్టిన మొదటి పరీక్షలో మేం డిస్టింక్షన్.

అంకుల్ చెప్పిన ఆ చీకటి నెలలోనే, 2012 జులై 4న, హిగ్స్ కణం సంగతి ప్రకటించారు. ఆ లెక్కలు కట్టిన గ్రిడ్ కేంద్రాల్లో ఎక్కువ భాగం వర్చువల్ మెషీన్లు లేకుండా నేరుగా సర్వర్ల మీదే నడిచాయి. ఎలా కుదిరిందంటే, దాదాపు అందరూ సైంటిఫిక్ లైనక్స్ అనే ఒకే రకం లైనక్స్ వేసుకున్నారు. అది రాయచూర్ లైను: లయ కలిపాకే కలిశాం. వర్చువలైజేషన్ లేకపోతే గ్రిడ్ లేదు అన్న వాక్యం అక్కడే పడిపోతుంది.

అయితే ఒకే లయకి ఖరీదు ఉంది. లైనక్స్ వెర్షన్ మార్చాలంటే ఖండాలన్నీ కలిసి కదలాలి. ఒక కేంద్రం వెనకబడితే అక్కడ జాబ్‌లు చస్తాయి. భౌతికశాస్త్రానికి తోడు వేరే విభాగాల పని కూడా నడిపే కేంద్రాలు "మీ కోసం మా మెషీన్లన్నీ మార్చం" అంటాయి, వాళ్ల తప్పేం లేదు. మెల్లగా గాజువాక వైపు జరిగాం. ఇప్పుడు ముందు ఒక పైలట్ జాబ్ దిగి ఊరెలా ఉందో చూస్తుంది. బాగుందనుకుంటే అసలు జాబ్‌ని పిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ సీవీఎంఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నుంచి కావలసినంతే దిగుతుంది, జాబ్ యాప్‌టెయినర్ కంటైనర్‌లో, అంటే తనకు కావలసిన అమరిక అంతా ఉన్న డబ్బాలో, నడుస్తుంది. ఇదే 2021 దాకా సింగ్యులారిటీ. కింద ఏ లైనక్స్ ఉందో నేను చూసి ఎన్నాళ్లయిందో.

ఇంకొకటి. ఇళ్లలోని కంప్యూటర్లతో నడిచే ఎల్‌హెచ్‌సీ@హోమ్‌లో మా ప్రోగ్రామ్‌లకి లైనక్స్ కావాలి, జనం దగ్గరేమో విండోస్. అక్కడ వర్చువల్‌బాక్స్‌తో చేసిన వర్చువల్ మెషీన్ లోపల చిన్న లైనక్స్ పెట్టి నడుపుతారు. ఆ ఒక్క చోట మాత్రం కుర్రాడు రాసిన రెండో వాక్యం అక్షరాలా నిజం.

క్యూలో_జాబ్:
అమ్మా, బాగా చెప్పావు, కానీ రెండు చోట్ల ఆగుతాను. ఒకటి, కంటైనర్‌ని వర్చువలైజేషన్ లెక్కలో వేశావు. కింద కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒక్కటే. పోర్షన్ల ఓనరు గారి భాషలో అది ఒకే హాల్లో కర్టెన్ కట్టడం. రెండు, ఆ పైలట్‌ని గుమ్మం లోపలికి రానిచ్చింది ఎవరు? కంటైనర్ కాదు. నీ పేరు మీద ఒక సర్టిఫికెట్, దాన్ని నమ్ముతామని ప్రపంచంలోని కేంద్రాలన్నీ ముందే కుదుర్చుకున్న ఒప్పందం. మన దేశంలో ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ గరుడ గ్రిడ్ పెట్టి 17 నగరాల్లో 45 సంస్థలని కలిపింది, అందులో హైదరాబాద్ కూడా ఉంది. దాని కోసం ఇండియన్ గ్రిడ్ సర్టిఫికేషన్ అథారిటీని కూడా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. ఒక సంస్థ ఇంకో సంస్థ సంతకాన్ని నమ్మడానికి నెలలు పడుతుంది. కష్టం ఎక్కడుందో నిర్వచనం అక్కడుంటుంది.

పోర్షన్ల_ఇల్లు:
కర్టెన్ కట్టుకుని కాపురాలు చేసినవాళ్లు హైదరాబాద్‌లో బోలెడుమంది ఉన్నారులే అన్నా. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయి వర్చువలైజేషన్ అంటారు, పేరు నేను పెట్టలేదు.

సర్టిఫికెట్ మాట ఒప్పుకుంటాను, అది లేనిదే గుమ్మం దాటలేం. కానీ వర్చువల్ అన్నది చూసి కుర్రాడు బోల్తా పడ్డాడన్నావు కదా, మీ ఫోస్టర్ బృందమే 2002లో ఓజీఎస్‌ఏ అనే గ్రిడ్ సేవల నమూనాని ప్రతిపాదించిన పత్రంలో సేవల వర్చువలైజేషన్ గురించి రాసింది. అక్కడ దాని అర్థం వర్చువల్ మెషీన్ కాదు. అవతల సన్ మెషీనుందో లైనక్స్ ఉందో చూడకుండా ఒకే తీరులో పని అడగగలగడం. అంటే ఒకే మాటకి రెండు అర్థాలు. ఒకటి మెషీన్‌ని పోర్షన్లు చేయడం, రెండోది తేడాల మీద ముసుగు వేయడం. కుర్రాడి మొదటి వాక్యం రెండో అర్థంలో ఒప్పే. "ఒకే పెద్ద కంప్యూటర్‌గా చూపించడం" అనే రాశాడు కదా. గాజువాక స్టేషన్ చేసేదీ ఆ ముసుగు పనే.

ఎల్సీ_తీసుకున్నారా:
ఒక్క మాట. గాజువాక స్టేషన్ కట్టకముందు కూడా దక్షిణాదిలో గ్రిడ్డు ఉంది బాబూ. నాలుగు రాష్ట్రాల బోర్డులు కలిసి నడుపుకున్నాయి. కన్వర్టర్ వచ్చి మా గ్రిడ్డుని ఇంకో గ్రిడ్డుతో కలిపింది, అంతేగాని మాకు గ్రిడ్డుని పుట్టించలేదు.

క్యూలో_జాబ్:
అంకుల్‌కి దండం. ఓజీఎస్‌ఏ సంగతి నేను మర్చిపోయాను, పోర్షన్ల ఇల్లు చెప్పింది నిజమే. ఆ అర్థంలో మొదటి వాక్యానికి మార్కులివ్వాలి. రెండో వాక్యానికి సున్నా. యజమానులు వేరు అన్న మాట ఎక్కడా రాయలేదు కాబట్టి పూర్తి మార్కులు ఏ లెక్కనా రావు.

నైట్‌షిఫ్ట్_డీబీఏ:
ఇంతమంది ఇన్నిసార్లు తిరగేస్తే తేలిన ముక్కని పద్దెనిమిది నిమిషాల్లో రాయాలి పాపం. మూడు వేయండి మాస్టారూ.

చాక్‌పీస్_మాస్టారు:
మూడు వేశాను. ఈ చర్చంతా మేడమ్‌కి చూపించాను. మొత్తం చదివి, "యజమానులు వేరు అన్నది అంత ముఖ్యమైతే మీ కీలో ఉందా?" అని అడిగారు. కీ రాసింది నేనే. తీసి చూశాను, ఆ ఊసే లేదు. "భౌగోళికంగా వేర్వేరు చోట్ల ఉన్న వనరులు" అని రాసుకున్నాను. దూరంగా ఉండటం, వేరొకరిది కావడం ఒకటి కాదని ఇప్పుడు కనిపిస్తోంది. మిగతా యాభై రెండు పేపర్లు మళ్లీ తీయాలి.

క్యూలో_జాబ్:
ఆ యాభై రెండింట్లో ఒక్కరైనా యజమాని మాట రాశారా సార్?

చాక్‌పీస్_మాస్టారు:
ఇద్దరు రాశారు. ఇద్దరికీ రెండున్నరే వేశాను.