దేవుని పొందా, దేవుని పొందుటా?

మంగళగిరి చదువరి: 73వ కీర్తన చివరి వచనం గురించి. మా తాతగారు కుటుంబ ప్రార్థన ముగిస్తూ "నాకైతే దేవుని పొందుట ధన్యకరము" అనేవారు. నా దగ్గరున్న బైబిల్లో "దేవుని పొందు ధన్యకరము" అని ఉంది. ఆ "ట" పాత ముద్రణలదా, నోటివాడుకలో చేరిందా?

వ్యాకరణం మాస్టారు: ఆ ఒక్క అక్షరంతో విభక్తే మారిపోతుందండీ. "దేవుని పొందు"లో షష్ఠి, అంటే దేవుడితోడి సాంగత్యం. "ట" చేరిస్తే ద్వితీయ, దేవుణ్ణి సంపాదించుకోవడం. ఈ కీర్తన పాడిన ఆసాపు చెప్పింది మొదటిదే. 23వ వచనంలో "నేను ఎల్లప్పుడు నీయొద్దనున్నాను" అన్నాడుగా. దగ్గరే ఉన్నవాడు మళ్ళీ పొందేదేమిటి?

గోదారి గట్టు: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి మాస్టారూ. 2వ వచనంలో కాలు జారబోయింది. 3లో భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డాడు. చేజారబోయినదాన్ని దక్కించుకున్నవాడి నోట "పొందుట" వస్తే తప్పేముంది? తాతగారికే నా ఓటు.

పద్యప్రియ: నాకు అసలు "పొందు" అన్న మాటే ఇబ్బంది. క్షేత్రయ్య పదాలు విన్న చెవికి అది ఎలా వినిపిస్తుందో విడమరచి చెప్పక్కర్లేదు. నెయ్యము అనొచ్చుగా! పోతన సుదాముడు ఎంత హాయిగా అడిగాడు, "నీ పాదార్చకులతోడి నెయ్యమును" అని.

వ్యాకరణం మాస్టారు: అది భక్తులతోడి నెయ్యమమ్మా. దేవుణ్ణి అడిగింది పాదకమల సేవ.

పద్యప్రియ: ఆ పద్యం నాకూ వచ్చండీ. మాట బావుందన్నానంతే.

హెబ్రీ ఓనమాలు: మూలంలో "కిర్వత్ ఎలోహీమ్", దేవుని సామీప్యం. ఆ ధాతువుకీ మీరు ఇబ్బందిపడే అర్థం ఉంది, యెషయా 8:3 చూడండి. గ్రీకు అనువాదం ఇంకా ముందుకెళ్ళి, ఆదికాండము 2:24లో "తన భార్యను హత్తుకొనును" అన్నచోట వాడిన క్రియనే ఇక్కడా వాడింది. పైగా ముందు వచనం "నిన్ను విడిచి వ్యభిచరించువారి" గురించి. ఆ వెంటనే పొందు అన్నారంటే మనవాళ్ళు తెలిసే వేశారని నా నమ్మకం. నెయ్యము అక్కడ చప్పగా ఉంటుంది.

గోదారి గట్టు: "నాకైతే" గురించి ఎవరూ మాట్లాడరేం? 12లో వాళ్ళు "ధనవృద్ధి చేసికొందురు". 28 దాకా వచ్చినా వాళ్ళ ఆస్తి పైసా తగ్గినట్టు లేదు. మారింది ఈయన మనసే, అదీ పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాక. అంతకుముందు అంతా "ఆయాసకరము", చివరికి "ధన్యకరము". ఆ రెండు "కరము"ల మధ్య మనిషి కొత్తగా లేచాడు.

కల్యాణి రాగం: త్యాగయ్యదీ ఇదే తూకం కదండీ. "నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా". మా పాటల మేడమ్ "సన్నిధి" దగ్గర ఆగి ఆగి నేర్పేవారు.

వ్యాకరణం మాస్టారు: సన్నిధిలో ఎదురుగా నిలబడతాం. పొందులో ఎడం ఉండదు. రెండూ కలపకండి.

మంగళగిరి చదువరి: తాతగారు మంచాన పడ్డాక 26వ వచనం చదివించుకునేవారు. "నా శరీరము నా హృదయము క్షీణించిపోయినను" అని మొదలై దేవుడే "స్వాస్థ్యము" అని ముగుస్తుంది. ఆయన స్వాస్థ్యమంటే ఆరోగ్యమనే అనుకునేవారు.

వ్యాకరణం మాస్టారు: కాదు. బైబిలు తెలుగులో స్వాస్థ్యమంటే వాటా. యెహోషువ ఇశ్రాయేలు గోత్రాలకు పంచిన నేల.

గోదారి గట్టు: ఆ పంపకంలో లేవీయులకు నేల రాలేదు, "యెహోవాయే వారి స్వాస్థ్యము". ఆసాపు లేవీయుడు! సెంటు భూమి లేనివాడు, ఆస్తిపరుల్ని చూసి కుళ్ళుకుని, నా వాటా దేవుడే అంటున్నాడు. ఇది తెలిశాక ఆ వచనం మునుపటిలా చదవలేకపోయాను.

పద్యప్రియ: కావచ్చు. కానీ ఒళ్ళు క్షీణించినవాడికి స్వాస్థ్యమంటే వాటా అని చెప్పి ఒప్పించండి చూద్దాం. చక్కటి శ్లేష!

వ్యాకరణం మాస్టారు: హెబ్రీలో లేని శ్లేష.

హెబ్రీ ఓనమాలు: తెలుగులో ఉందిగా మాస్టారూ. ఆయన చదివించుకున్నదీ తెలుగేగా.

వ్యాకరణం మాస్టారు: స్వాస్థ్యానికి వేరే పోస్టు పెట్టండి. రాత్రికి బ్రౌణ్యం, అదే బ్రౌన్ నిఘంటువు, తీస్తాను.