శిఖం భూమిలో (చెరువు గర్భంలోని భూమిలో) గుడిసెలు వేసుకున్న వలస కూలీలకు నివాస హక్కు ఉంటుందా?

ప్రశ్న:
నారాయణపేట ప్రాంతం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీల కుటుంబాలు హైదరాబాద్ శివారులో ఒక చెరువు పక్కన గుడిసెలు వేసుకొని కొన్నేళ్లుగా నివసిస్తున్నాయి. స్థానికుడొకరు నెలనెలా జాగా కిరాయి వసూలు చేస్తారు గానీ రసీదు ఇవ్వరు. ఇప్పుడు ఖాళీ చేయాలని నోటిమాటగా చెబుతున్నారు. నోటీసు లేకుండా తొలగించవచ్చునా? ప్రభుత్వ భూమిలోని పేదల ఇళ్లను క్రమబద్ధీకరించే తెలంగాణ 58వ నంబరు జీవో కింద వీరికి పట్టా లభిస్తుందా?

మొదటి జవాబు:
ముందుగా ఆ సర్వే నంబరు రికార్డుల్లో ఏ భూమిగా నమోదైందో తెలుసుకోండి. తహసీల్దారు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెడితే లిఖితపూర్వకమైన జవాబు చేతిలో ఉంటుంది. 2014 డిసెంబరులో వెలువడిన ఆ జీవో, అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో 125 చదరపు గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉద్దేశించినది కనుక, శిఖం అని తేలితే, అది అభ్యంతరం ఉన్న భూమి కాబట్టి, ఆ దారి మూసుకుపోయినట్లే. నోటీసు విషయానికి వస్తే, కూల్చివేతకు ముందు 15 రోజుల గడువు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఆదేశించిన మాట నిజమే. అయితే రోడ్లు, కాలిబాటలు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల వద్ద ఉన్న అనధికార నిర్మాణాలకు ఆ ఆదేశం వర్తించదని అందులోనే ఉంది. నిరుపేదలు గుడిసెలు వేసుకునేది సరిగ్గా అటువంటి చోట్లే కదా!

రెండవ జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. బొంబాయి కాలిబాటల నివాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది గానీ తొలగింపును రద్దు చేయలేదు; వర్షాకాలం ముగిసేవరకు ఆగమన్నది, 1976లో జరిగిన గుడిసెల లెక్కింపులో గుర్తింపు కార్డులు పొందినవారికి ప్రత్యామ్నాయ స్థలం చూపాలన్నది. అంటే ఆనాడే హక్కు ఒక తేదీకి, ఒక కార్డుకు ముడిపడింది. మన 58వ నంబరు జీవోలోనూ మొదట 2014 జూన్ 2 నాటికే అక్కడ నివాసం ఉండాలన్న షరతు ఉండేది. ఏటా పంట పనులకు ఊరికి వెళ్లివచ్చే కుటుంబం, కరెంటు బిల్లు గానీ ఇంటిపన్ను రసీదు గానీ లేకుండా, నిరంతర నివాసాన్ని ఎలా రుజువు చేయగలదు? నా దృష్టిలో వీరికి పట్టా కంటే పని దొరికే చోటికి దగ్గరలో తక్కువ అద్దె ఇల్లు ముఖ్యం. కేంద్రం 2020లో వలస కార్మికుల కోసం అద్దె ఇళ్ల పథకాన్ని ప్రకటించింది కూడా. ఆ దిశగా అడగడం మేలు.

మూడవ జవాబు:
అద్దె ఇళ్ల మాట సరే, అవి వచ్చేలోగా గుడిసెలు నిలవాలి కదండీ. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. కనుక దరఖాస్తులు ఆడవారి పేరిట పెట్టించండి. సర్వే జరిపి పునరావాసం చూపకుండా బస్తీవాసులను ఖాళీ చేయించరాదని 2019లో అజయ్ మాకెన్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును న్యాయవాది దృష్టికి తీసుకెళ్లండి. అది తెలంగాణ హైకోర్టు తప్పక పాటించవలసినది కాకపోయినా, వాదనకు బలమిస్తుంది. కిరాయి వసూలు చేసే వ్యక్తి మాట నమ్మి ఎవరూ తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయకుండా చూడండి.