రాజ్‌దూత్ 350కి డ్రమ్మే ఉంచాలా, డిస్కు వేయించాలా?

మూడులాంతర్లు (విజయనగరం):
నాన్నగారి 1985 రాజ్‌దూత్ 350కి ఇంజిన్ పని అయిపోయింది. ముందు బ్రేకు దగ్గర ఆగిపోయాను. డ్రమ్ము లోపల గీతలు పడ్డాయి, లీవరు పట్టుకుంటే చేతికి కొట్టుకుంటోంది. వేరే బండి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్లు) తెచ్చి డిస్కు వేసేద్దామంటున్నాడు మెకానిక్. నాకేమో మనసొప్పడం లేదు. కానీ దీని మీద ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాలని కోరిక. ఏం చేయమంటారు?

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
డిస్కు వేయించు తమ్ముడూ. జపాన్‌లో చేసిన ఆర్డీ350కి యమహా ముందు డిస్కే ఇచ్చింది. అదే బండిని మన దగ్గర ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్‌గా తయారుచేసినప్పుడు డ్రమ్ము వచ్చింది. పైగా టూ స్ట్రోక్, యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ పెద్దగా పట్టి ఆపదు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీదే. డ్రమ్ము వేడెక్కితే పట్టు పోతుంది. ప్రాణం కంటే ఒరిజినల్ ఎక్కువా?

లేత్‌పని (బొబ్బిలి):
వేడి సంగతి కాదనను అన్నయ్యా. కానీ బాగా అమర్చిన ఆ డ్రమ్మును ఎంతమంది నడిపి చూశారు? అది ట్విన్ లీడింగ్ షూ, అంటే చక్రం ముందుకు తిరిగేటప్పుడు లోపలి రెండు షూలూ (డ్రమ్మును ఒరుసుకుని ఆపే ముక్కలు) ఆ తిరుగుడుకే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. డ్రమ్ము మీది రెండు చిన్న లీవర్లను కలిపే కడ్డీ కొలత కాస్త తేడా వస్తే ఒక్క షూయే ముందు తగులుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. చాలాచోట్ల కేబుల్ బిగించి పంపేస్తారు, అంతే.

చేతికి కొట్టుకుంటోందంటే డ్రమ్ము గుండ్రం తప్పింది. ముందు స్పోక్సు బిగించి చక్రం సరిచేయించు, ఆ తర్వాతే లేత్ మీద పెట్టించు. స్పోక్సు లాగుడుకే డ్రమ్ము వంకర పోతుంది కాబట్టి, వరస మారితే పనంతా వృథా. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత ఉంటుంది, అది దాటితే హబ్బు (డ్రమ్ము ఉండే చక్రం మధ్య భాగం) మార్చాల్సిందే. షూల మీది పాత లైనర్ల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదొద్దు.

ఏడురోడ్లు:
సరే. మరి ఎత్తు మీద ఆగితే? వెనక్కి జారేటప్పుడు ఆ షూలు సరిగా పట్టవు కదా.

లేత్‌పని:
నిజం. అక్కడ వెనక బ్రేకు తొక్కి నిలబెట్టాలి. తమ్ముడూ, డిస్కే అనుకుంటే పూర్తి ఫోర్కు మార్చు, ఉన్న ఫోర్కుకు బ్రాకెట్ వెల్డింగ్ మాత్రం వద్దు. పాత ఫోర్కు, చక్రం దాచుకో. రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నీకు 2035లో ఆ అవకాశం వస్తుంది.

మూడులాంతర్లు:
ముందు చక్రం, తర్వాత డ్రమ్ము చేయిస్తాను. రామతీర్థం దాకా నాలుగుసార్లు తిరిగి చూసి, పట్టు చాలకపోతే ఘాట్ ఎక్కకుండా డిస్కు వేయిస్తాను అన్నయ్యా.