37 శాతం ఓట్లతో గవర్నర్ అయిపోతే అది జనం తీర్పేనా? అమెరికాలోని మెయిన్ (Maine) అనే స్టేట్ మీద చర్చ

గోదారి_గట్టు:
అమెరికాలో గవర్నర్ అంటే మన సీఎం లాంటి పోస్టు, కాకపోతే జనమే నేరుగా ఎన్నుకుంటారు. ఈశాన్యం మూలన మెయిన్ అనే చిన్న స్టేట్‌లో 2010లో ఏం జరిగిందో చూడండి. రిపబ్లికన్ పాల్ లెపేజ్‌కి 37.6 శాతం, ఇండిపెండెంట్ ఎలియట్ కట్లర్‌కి 35.9, డెమొక్రాట్ లిబ్బీ మిచెల్‌కి 18.8, ఇంకో ఇండిపెండెంట్ షాన్ మూడీకి ఓ 5 శాతం. మొదటి ఇద్దరికీ తేడా పది వేల ఓట్లు కూడా లేదు. లెపేజ్ వద్దు అనుకున్న వాళ్ళ ఓటు కట్లర్‌కీ మిచెల్‌కీ మధ్య చీలిపోయింది, చివరి రోజుల్లో మిచెల్ వెనకబడిందని తెలిసి జనం కట్లర్ వైపు కదిలారు కానీ అప్పటికే బోలెడుమంది ముందస్తు ఓటు వేసేసి కూర్చున్నారు. ముగ్గురు నలుగురు గట్టి క్యాండిడేట్లు ఉన్నచోట ఒక్కరికే ఓటు అనే పద్ధతి అన్యాయం అని నా గట్టి నమ్మకం, మన ఎమ్మెల్సీ ఎన్నికల్లోలాగా ప్రాధాన్యత ఓటు (నచ్చిన వరసలో 1, 2, 3 అని వేస్తే, ఎవరికీ సగం దాటకపోతే ఆఖరున ఉన్నోళ్ళని తీసేసి వాళ్ళ ఓట్లు తర్వాతి చాయిస్‌కి కలిపే పద్ధతి) పెట్టాల్సిందే. మీరేమంటారు?

సీమ_సూరీడు:
అన్నా ఒక్క లెపేజ్‌ని చూసి పద్ధతే తప్పంటే ఎలా. అదే మెయిన్‌లో 1994లో ఏంగస్ కింగ్ అనే ఇండిపెండెంట్ 35.4 శాతంతోనే గెలిచాడు, డెమొక్రాట్ జో బ్రెన్నన్‌కి 33.8, రిపబ్లికన్ సూసన్ కాలిన్స్ (తర్వాత సెనేటర్ అయిన ఆవిడే) 23 దగ్గర ఆగిపోయింది. మరి ఆ కింగ్ నాలుగేళ్ళు బాగా పనిచేశాడని 1998లో అదే జనం 58 శాతం పైన ఇచ్చారు. తక్కువ శాతంతో గెలిచినంత మాత్రాన జనం ఒప్పుకోని నాయకుడు అని ఎలా అంటాం? పైగా ఈ పాత పద్ధతి ఉండబట్టే పార్టీ లేనోడు కూడా గెలవగలిగాడు.

గోదారి_గట్టు:
కింగ్ విషయం నిజమే బ్రదర్, ఆయన మంచి గవర్నరే. కానీ నేను మాట్లాడేది గెలిచినాయన మంచోడా కాదా అని కాదు, ఓటరు పడే నరకం గురించి. 1974 నుంచి 2014 దాకా 11 గవర్నర్ ఎన్నికలు జరిగితే 9 సార్లు గెలిచినవాళ్ళకి సగం ఓట్లు రాలేదు, అంటే ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు. 2014లో చూడండి, కట్లర్ మళ్ళీ నిలబడ్డాడు, ఓట్లు చీలిపోతాయని అందరూ ఆయన మీద పడ్డారు, పోలింగ్‌కి కొద్దిరోజుల ముందు ఆయనే ప్రెస్ ముందుకొచ్చి నేను గెలవనని అనుకునేవాళ్ళు మీ మనసుకి తోచినట్టు ఓటేసుకోండి అని చెప్పాల్సి వచ్చింది, అప్పటిదాకా ఆయన్ని సపోర్ట్ చేసిన కింగ్ కూడా డెమొక్రాట్ మైక్ మిషో వైపు మారిపోయాడు. అంత చేసినా లెపేజ్ 48 శాతంతో మళ్ళీ గెలిచాడు. నచ్చినోడికి ఓటేస్తే నచ్చనోడు గెలుస్తాడేమో అని భయపడుతూ ఓటేయడం ఏం ప్రజాస్వామ్యం చెప్పండి!

ఓరుగల్లు_పోరి:
గోదారి అన్నా, ఎమ్మెల్సీ పేరు తీసినవ్ కాబట్టి చెప్తున్న. 2021ల మా వరంగల్-ఖమ్మం-నల్గొండ గ్రాడ్యుయేట్ ఎన్నికల 71 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పేపరు న్యూస్‌పేపర్ అంత ఉండె, లెక్కింపు రోజుల తరబడి నడిచింది, ఒక్కొక్కరిని ఎలిమినేట్ చేసుకుంట పోయి ఆఖరికి రెండో ప్రాధాన్యత ఓట్లతోనే పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచిండు. అది సరే గని చెల్లని ఓట్లు వేలల్ల ఉండె, అందరూ డిగ్రీ చదివినోళ్ళే! అంకె బదులు టిక్కు పెట్టినోళ్ళు, ఇద్దరికి 1 వేసినోళ్ళు. చదువుకున్నోళ్ళ ఓట్లే అట్ల చెత్తబుట్టల పడితే ముసలోళ్ళు, చదువు రానోళ్ళ సంగతేంది? ఓటు చీలుడు కంటే ఓటు చెల్లకపోవుడు పెద్ద అన్యాయం నా దృష్టిల.

గోదారి_గట్టు:
చెల్లీ నువ్వు చెప్పింది చాలా బలమైన పాయింట్, కాదనను. కానీ అక్కడ పది మంది లోపే ఉంటారు, 71 మంది కాదు, పైగా మెయిన్‌లో పేపరు మీద వరసకి గళ్ళు ఉంటాయి, మొదటి చాయిస్ గడి నింపి వదిలేసినా ఓటు చెల్లుతుంది. మన లోపం బ్యాలెట్ తయారీలో, నేర్పించడంలో ఉంది.

పాత_పేపర్లు:
ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మెయిన్ జనం 2016లోనే రెఫరెండం పెట్టి 52 శాతంతో ప్రాధాన్యత ఓటుకి ఓకే అన్నారు. కానీ 2017లో అక్కడి సుప్రీంకోర్టు, ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళే గవర్నర్ అని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది కాబట్టి ఫైనల్ ఎన్నికకి ఇది కుదరదు అని ఏకగ్రీవంగా అభిప్రాయం ఇచ్చింది. అందుకే పార్టీల ప్రైమరీలకీ (పార్టీ తరఫున నిలబడే క్యాండిడేట్‌ని ఎంచుకునే ఎన్నికలు), అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సీట్లకీ వాడారు గానీ 2018, 2022 గవర్నర్ ఎన్నికలు పాత పద్ధతిలోనే నడిచాయి. ఆ మాట రాజ్యాంగంలోకి ఊరికే రాలేదండీ. పూర్వం అక్కడ సగానికి పైగా రావాల్సిందే అనే రూలే ఉండేది. 1879లో ముగ్గురి పోటీలో ఎవరికీ రాలేదు, తేల్చాల్సింది రాష్ట్ర శాసనసభ, ఆ సభలో ఎవరిది మెజారిటీ అన్నదాని మీదే గొడవ, రాజధాని ఆగస్టాలో ఆయుధాలు పట్టుకుని జనం దిగారు, సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) హీరో జాషువా చాంబర్లెయిన్ 1880 జనవరిలో మిలీషియా (రాష్ట్ర సాయుధ దళం) బాధ్యత తీసుకుని పన్నెండు రోజులు ఊరు తగలబడకుండా కాపాడాడు. ఆ భయంతోనే అదే ఏడాది సవరణ తెచ్చి ఎక్కువ ఓట్లొస్తే చాలు అన్నారు. తెలిసి తెలిసి తీసుకున్న నిర్ణయం అది, తేలిగ్గా కొట్టిపారేయొద్దు.

సీమ_సూరీడు:
అదీ మాట! పైగా 2018లో జానెట్ మిల్స్ పాత పద్ధతిలోనే 50.9 శాతంతో గెలిచింది, 2022లో 55 దాటింది. జనమే సర్దుకుంటారన్నా, కొత్త లెక్కలెందుకు.

గోదారి_గట్టు:
పాత పేపర్లు గారూ, 1879 సంగతి బాగా చెప్పారు, కానీ అప్పటి గొడవ సభ చేతిలో తీర్పు పెట్టడం వల్ల వచ్చింది. ప్రాధాన్యత ఓటులో తీర్పు సభ దగ్గరికి వెళ్ళదు, ఓటరు అదే పేపరు మీద అదే రోజు రెండో మాట కూడా చెప్పేస్తాడు. మన రాష్ట్రపతి ఎన్నిక చూడండి, 1969లో ఇద్దరూ మన తెలుగువాళ్ళే, వి.వి.గిరికి మొదటి లెక్కలో 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169. గిరి ముందున్నా సరిపోలేదు, సి.డి.దేశ్‌ముఖ్ ఓట్లలో రెండో ప్రాధాన్యతలు ఎక్కువ సంజీవరెడ్డికే పోయాయి, చివరికి 4,20,077కి 4,05,427తో గిరి బయటపడ్డారు. అంత కుమ్ములాటలో కూడా లెక్క మీద దేశం నిలబడింది కదా. సూరీడు తమ్ముడూ, జనం సర్దుకోవడం అంటే నచ్చినోడిని వదులుకోవడమే, అది నాకు ఎప్పటికీ మింగుడు పడదు. సభలో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన రెఫరెండం ఉంటే రాజ్యాంగ సవరణ అవుతుంది అక్కడ, కష్టమే, అయినా చేయాలి.

ఓరుగల్లు_పోరి:
అన్నా, ముందు ఉన్నోడు రెండో లెక్కల ఓడిపోతే మాత్రం జనం నమ్ముతరా? 2018ల మెయిన్ రెండో కాంగ్రెస్ సీటుల బ్రూస్ పోలిక్విన్ మొదట రెండు వేల చిల్లర ఓట్లు ముందున్నడు, రెండో ప్రాధాన్యతలు కలిపినంక జేరెడ్ గోల్డెన్ గెలిచిండు, ఆ లెక్క తేలకముందే పోలిక్విన్ కోర్టు కేసు వేసిండు. కేసు నిలవలేదు, అది వేరే సంగతి. గవర్నర్ సీటు కాడ అట్ల అయితే ఎంత లొల్లి అయితదో ఆలోచించు. ముందు పేపరు సక్కగ చేసి, ఓటు చెల్లేటట్టు నేర్పి, చిన్న ఎన్నికలల్ల అలవాటు చేసినంకనే ఒప్పుకుంట నేనైతే.