సమస్య: "చేతిగుడ్డ చంపెఁ జెలువ నకట"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది. దీనికి ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి. చేతి / గుడ్డ / చంపెఁ / జెలువ / నకట, ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు). చే–జె యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు. మూడో పాదం ద్రుతాంతమైతే (చివర నకారం ఉంటే) సమస్య "జేతిగుడ్డ" అవుతుంది, యతికి నష్టం లేదు. ఇతివృత్తం షేక్‌స్పియర్ ఒథెల్లో. ఆ విషాదాంత నాటకంలో, డెస్డిమోనాకు కాసియోతో సంబంధం ఉందని ఆమె భర్త ఒథెల్లోను నమ్మించడానికి అతని కింది అధికారి ఇయాగో పన్నిన రుమాలు పన్నాగమే విషయం. గుడ్డ మనిషినెలా చంపుతుందన్న చిక్కు విప్పాలి, కుటిలుడి పనితనం కనబడాలి.

పూరణ 1 (కలంధారి)

జారిపడిన దాని సతి దెచ్చి యీయఁగాఁ
గుటిలుఁ డొకని గదినిఁ గోరి విడిచె;
నమ్మి దాని భర్త నాతిపై నలుగంగఁ
జేతిగుడ్డ చంపెఁ జెలువ నకట!

గణయతి (పూరణలు పరిశీలించేవారు): గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. "కోరి విడిచె" బాగా కుదిరింది. రుమాలు జారడం యాదృచ్ఛికం, కాసియో గదిలో పడెయ్యడం మాత్రం పథకం. ఆ తేడా ఒక్క "కోరి"తో తెలిసింది. చిక్కు మొదటి పాదంలో. "సతి" అంటే ఎవరి సతి? తెచ్చింది ఇయాగో భార్య ఎమీలియా, చనిపోయింది ఒథెల్లో భార్య డెస్డిమోనా. కథ తెలియనివాడు ఇద్దరినీ ఒకరే అనుకుంటాడు. ఇలా మార్చి చూడండి:

తనదు భార్య యెత్తి తనచేతి కీయఁగాఁ

"ఎత్తి"లో కింద పడిందన్న సంగతి ఎలాగూ ఉంది.

కలంధారి: సవరణ శిరోధార్యం.

పూరణ 2 (యతిభీతి)

చూపులేని మగఁడు సాక్ష్యము కోరఁగా
మిత్రవేషధారి మెల్లఁ గదలి
దొంగిలించి దాచి తుద నదే చూపంగఁ
జేతిగుడ్డ చంపెఁ జెలువ నకట!

గణయతి: పేరు సార్థకం చేసుకున్నారు! చూ–సా యతి చెల్లదు. చకార సకారాలకు మైత్రి ఉంది గాని ఊకారానికీ ఆకారానికీ లేదు. హల్లు చూసి అచ్చు మరిచిపోతే ఇలాగే అవుతుంది. "చాడి విన్న మగఁడు" అంటే చా–సా కుదురుతుంది, అర్థమూ పదునెక్కుతుంది. అతనికి చూపు లేక కాదు, చెవి మరీ ఎక్కువై చెడ్డాడు.

మూడో పాదానిది కథాదోషం. ఇయాగో రుమాలు దొంగిలించలేదు. దొంగిలించమని భార్యను పదేపదే పోరాడు, చివరికి అది జారిపడితే ఆమె తీసి ఇచ్చింది. చూపించిందీ అతను కాదు. కాసియో గడ్డం తుడుచుకుంటుంటే చూశానని ముందు ఒక మాట వదిలాడు. ఆ తర్వాత నాలుగో అంకంలో కాసియో ప్రియురాలు బియాంకా దాన్ని కాసియో ముందు విసిరికొడుతుంటే ఒథెల్లో చాటునుంచి తానే చూశాడు. తాను చూపితే అనుమానం తనమీదికొస్తుంది, భర్త తన కళ్లతో చూస్తే తిరుగుండదు. ఆ కిటుకు పోతే ప్రతినాయకుడు కాస్తా జేబుదొంగ అయిపోతాడు.

పూరణ 3 (చమత్కారి)

నాల్క విషము చంపె, నమ్మక మది చంపె;
వంచకుండు నిలువ వస్త్ర మనుచుఁ
బలుకఁ దగునె మీకుఁ బదిమంది వినుచుండఁ
"జేతిగుడ్డ చంపెఁ జెలువ నకట!"

గణయతి: సమస్యను ఒకరి మాటగా పెట్టి, అలా అనడం తగదని తప్పించుకోవడం అవధానుల పాత ఎత్తే. ఇక్కడ చక్కగా అమరింది. చెవిలో విషం పోస్తానని ఇయాగో రెండో అంకంలోనే చెప్పుకుంటాడు కాబట్టి "నాల్క విషము" నాటకంలోంచి వచ్చిందే. "నమ్మకము" కూడా. నిజాయితీపరుడని అందరూ అతన్నే అంటారు మరి. "అది" మాత్రం గణం కోసం దూర్చినట్టుంది. సమస్యతో కలిపి "చంపె" మూడుసార్లు వచ్చింది. మొదటి రెండూ దెబ్బమీద దెబ్బలా పడ్డాయి కనుక పునరుక్తి అనను.

యతిభీతి: మొదటి పాదం మీదే తీసుకున్నాను, మూడోది తిరగరాశాను.

చాడి విన్న మగఁడు సాక్ష్యము కోరఁగా
మిత్రవేషధారి మెల్లఁ గదలి
యొరుల చేతఁ బెట్టి యూరక చూపంగఁ
జేతిగుడ్డ చంపెఁ జెలువ నకట!

గణయతి: "ఊరక" అద్భుతం. ఒ–ఊ యతి చెల్లుతుంది. "చూపంగ" తీసి "నిలువంగ" పెట్టండి. యూరక / నిలువంగ, భ గణం, సల గణం, బేసి పాదం చివర రావలసిన ఇంద్రగణాలే రెండూ. అప్పుడిక అతను చూపనూ లేదు, నోరెత్తనూ లేదు.