లండన్‌కు కొత్తగా వెళ్ళిన పిల్లలు శని ఆదివారాల్లో నగరం చూడాలా, మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలా?

మలక్‌పేట మాస్టారు:
మా అమ్మాయి గత సెప్టెంబరులో చదువుకోసం లండన్ వెళ్ళి, ఈస్ట్‌హాంలో మరో ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి ఉంటోంది. మొదటి మూడు నెలలూ ప్రతి శని ఆదివారాలు ఎవరో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో వంటలతో, కబుర్లతో గడిచిపోయాయి. ఆ రెండు రోజుల్లో ఒక్క రోజైనా తనంతట తానుగా నగరం చూడమని నేను గట్టిగా చెప్పాను. అలా చెప్పడం తప్పని అదే ఇంట్లో ఉండే మరో అమ్మాయి తల్లిదండ్రులు అంటున్నారు.

అక్కడి జాతీయ మ్యూజియాలన్నింటిలో 2001 నుంచి ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి. 1859లో మద్రాసు నుంచి ఓడలో తరలించినవి. మా అమ్మాయి అక్కడ నిలబడి వీడియోలో ఒక రాతిపలక చూపించింది. ముందువైపు స్తూపం చెక్కి ఉంది. వెనుకవైపున్న శిల్పం అంతకు కొన్ని శతాబ్దాల ముందుదని పక్కనున్న వివరం చదివి వినిపించింది. పాత గుంటూరు జిల్లాలో పుట్టి, ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పిన నేను ఆ రాయిని మొదటిసారి చూసింది నా కూతురి ఫోనులో. ఇంట్లో కూర్చుంటే ఇది దొరికేదా?

కూకట్‌పల్లి అమ్మ:
మాస్టారూ, ప్రవేశం ఉచితమే కావచ్చు, ప్రయాణం ఉచితం కాదు. మా అబ్బాయి బ్యాంకు అప్పుతో చదువుతున్నాడు. కాలేజీ జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న వీసా నిబంధన ఉంది కనుక సంపాదనకూ హద్దు ఉంది. బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా కూర వండి పెట్టుకోవడం ఆ రెండు రోజుల్లోనే జరగాలి.

మలక్‌పేట మాస్టారు:
అమ్మా, 2025లో బస్సు టికెట్ 1.75 పౌండ్లు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే.

కూకట్‌పల్లి అమ్మ:
ట్రాఫిక్‌లో బస్సు గంటన్నర ఆగిపోతే రెండో టికెట్ పడదా? వచ్చేటప్పుడు మళ్ళీ ఇవ్వాలి కదా?

నల్లకుంట ప్రయాణికుడు:
మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు తర్వాతి బస్సు ఎక్కాలి. గంట దాటితే మళ్ళీ పడుతుంది.

కూకట్‌పల్లి అమ్మ:
నేను చెప్పింది అదే. గంటలోపు అన్న మాట వినడానికి బాగుంటుంది.

లండన్ విద్యార్థి (మాది వనస్థలిపురం):
పెద్దలు టికెట్ దగ్గరే ఆగిపోయారు. నేను వచ్చిన మొదటి డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడేది. ఆ నెలంతా నన్ను నిలబెట్టింది ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పెట్టిన పప్పన్నమే. వేసవి వచ్చాక థేమ్స్ ఒడ్డున నడవడం మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, నడకకు ఖర్చు లేదు. నాకు రెండూ అవసరమయ్యాయి.

మలక్‌పేట మాస్టారు:
బాబూ, నేను మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళవద్దనలేదు. మేము హైదరాబాదు వచ్చిన కొత్తలో పదేళ్ళపాటు సాలార్‌జంగ్ మ్యూజియం చూడలేదు. మలక్‌పేట నుంచి ఎంత దూరం? ప్రతి ఆదివారం బంధువుల ఇళ్ళే సరిపోయేవి. ఆ పదేళ్ళూ ఈ ఊరు నాకు పరాయిదిగానే ఉండిపోయింది. నా కూతురికి అలా కాకూడదు. రెండు రోజులూ వంటగదిలోనే గడిపితే అంత దూరం పంపించడం ఎందుకు?

కూకట్‌పల్లి అమ్మ:
వంటగది అని తీసిపారేయకండి, మాస్టారూ. నా బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు చారు కాచి తెచ్చింది ఆ వంటగదిలోని మనిషే, మీ మ్యూజియం కాదు. మీకు పిల్ల మీద ధైర్యం ఉంది, నాకు లేదు. శనివారం రాత్రి ఏడు గంటలకు మా అబ్బాయి ఫోను వచ్చేది. వేసవిలో వాళ్ళకది మధ్యాహ్నం రెండున్నర. ఇప్పుడు ఆ సమయానికి ఎక్కడో తిరుగుతూ ఉంటాడు. రెండు నెలలుగా ఫోను సరిగా రావడం లేదు. పోయిన నెల రిచ్‌మండ్ పార్కులో జింకల ఫొటో పంపి, దాని కింద ‘మన పార్కు’ అని రాశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరు నచ్చితే ఇక తిరిగి వస్తాడా?

నల్లకుంట ప్రయాణికుడు:
అమ్మా, ఆ పార్కు 1637లో రాజుగారి వేట కోసం గోడ కట్టించినది. జింకలు అప్పటినుంచీ ఉన్నాయి.

కూకట్‌పల్లి అమ్మ:
నేను జింకల గురించి బాధపడడం లేదు, నాయనా.

మలక్‌పేట మాస్టారు:
అమ్మా, ఈ మాట మీరు మొదటే చెప్పి ఉంటే నేను బస్సు టికెట్ గురించి వాదించేవాణ్ణి కాదు. వంటగది అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. తిరిగి వస్తుందో రాదో నాకూ తెలియదు. ఊరు తెలియకుండా, బిక్కుబిక్కుమంటూ గదిలో కూర్చుని మన కోసం తిరిగి రావాలని మాత్రం నేను కోరుకోలేను. ఫోను విషయానికి వస్తే, మా అమ్మాయి శనివారం పొద్దున బయలుదేరగానే బస్సు పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని వీడియో కాల్ చేస్తుంది. మనకప్పుడు మధ్యాహ్నం రెండు గంటలవుతుంది. అద్దంలోంచి వీధులన్నీ నాకు కనిపిస్తాయి. మీ అబ్బాయిని అలా అడిగి చూడండి.

కూకట్‌పల్లి అమ్మ:
ఈ శనివారం రెండు గంటలకు చేయమని అడుగుతాను, మాస్టారూ. మీరు చెప్పినదాంట్లో అది ఒక్కటే ఒప్పుకుంటున్నాను. ‘మన’ అన్న మాట నాకు ఇంకా మింగుడు పడలేదు.