సైకిల్ మీద కుక్కను తీసుకెళ్లేది ఎట్లా? మాది బుట్టలోంచి దూకేసింది

పానగల్ రోడ్డు (ప్రశ్న)
అందరికీ నమస్తే. మాది నల్గొండ. రోజూ పొద్దున సైకిల్ మీద పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా వెళ్లొస్తాను. ఏడాదిన్నర కింద గల్లీలో దొరికిన నాటు కుక్కపిల్లను పెంచుకుంటున్నాం. పేరు బూరె. నేను సైకిల్ బయటకు తీస్తే చాలు, గేటు దగ్గర ఒకటే ఏడుపు. సరే తీసుకెళ్దామని, కూరగాయల కోసం హ్యాండిల్‌కు పెట్టించిన వైరు బుట్టలో మొన్న కూర్చోబెట్టాను. గడియారం సెంటర్ కూడా దాటలేదు, పక్క నుంచి ఆటోవాడు హారన్ కొట్టేసరికి దూకేసింది. మెడ బెల్టుకు చైన్ ఉంది, ఆ చైన్ హ్యాండిల్‌కు కట్టి ఉంది. ఒక్క క్షణం గాల్లో వేలాడింది. సైకిల్ వదిలేసి దాన్ని పట్టుకున్నా. నా మోకాలు గీసుకుపోయింది, దానికేం కాలేదు. కానీ ఇప్పుడు ఆ బుట్ట కనబడితే మంచం కిందికి దూరుతోంది. ఇంకా పెద్ద బుట్ట కొనాలా? ఏది మంచిది?

పాలమూరు పెడల్
బుట్ట సంగతి తర్వాత చూద్దాం. బరువెంత అది?

పానగల్ రోడ్డు
ఎత్తితే ఏడెనిమిది ఉంటుందేమో అనిపిస్తుంది అన్నా.

పాలమూరు పెడల్
అనిపిస్తే కాదు, తూకం వేయండి. బియ్యం కొట్టు కాటా మీద దాన్ని ఎత్తుకుని నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి. తేడా ఎంతో అదే దాని బరువు.

పానగల్ రోడ్డు
83, 72. అంటే 11 కిలోలు! కొట్టాయన నవ్వుతూనే ఉన్నాడు.

పాలమూరు పెడల్
అయితే ముందువైపు బుట్ట మర్చిపోండి. హ్యాండిల్ బుట్టకు నాలుగైదు కిలోలే ఎక్కువ. పైగా అది తల అటు తిప్పితే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది. దానికి వెనక క్యారియర్ మీద బుట్టే గతి.

అన్నింటికంటే ముందు మెడ బెల్టుకు కట్టడం మానేయండి. దూకితే ఉరి పడుతుంది, మొన్న మీరు చూసిందే. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి. దానికి రెండు పొట్టి తాళ్లు, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. కూర్చోవడానికి, పడుకోవడానికి వీలుండాలి గానీ ముందుకాళ్లు బుట్ట అంచు మీద పెట్టేంత వదులు ఉండొద్దు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బుట్టను సైకిల్‌కు బిగించకుండా ఇంట్లో నేల మీద పెట్టండి. అది రోజూ పడుకునే గోనె సంచి మడిచి అందులో వేయండి. అన్నం కూడా అందులోనే. మీరు ఎత్తి కూర్చోబెట్టొద్దు, దానంతట అదే ఎక్కాలి. మా దానికి నాలుగు రోజులు పట్టింది. మీది భయపడి ఉంది కాబట్టి రెండు వారాలైనా పట్టొచ్చు, తొందరపడకండి. అది అందులో హాయిగా నిద్రపోయిందంటే అప్పుడు సైకిల్‌కు బిగించి, ఇంకొకరు హ్యాండిల్ పట్టుకోగా స్టాండ్ మీదే కూర్చోబెట్టండి. తర్వాత సైకిల్ ఎక్కకుండా గల్లీలో నెట్టుకుంటూ తిప్పండి. తొక్కడం అన్నిటికంటే ఆఖరు.

పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, చెవులు వెనక్కి వేయడం, తోక కడుపు కిందికి దూర్చడం మొదలుపెడితే ఆ రోజుకు చాలించండి. ఎక్కించేముందు రెండు గంటలు తిండి పెట్టకండి, కక్కుకుంటుంది.

సాగర్ రోడ్డు సైకిల్ షాపు
మేము మూడు తరాలుగా సైకిళ్ల పనే చేస్తున్నాం. మా తాత కాలంలో మా షాపును సైకిల్ టాక్సీ అనేవాళ్లు, గంటల లెక్కన కిరాయికి ఇచ్చేవాళ్లం. తమ్ముడూ, మీది ఏ సైకిల్? గేర్ల సైకిల్ అయితే చాలావాటికి క్యారియరే ఉండదు, సీటు కింది పైపుకు బిగించే క్యారియర్ అమ్ముతారు గానీ కుక్కకు అది పనికిరాదు. బరువుకు పక్కకు తిరిగిపోతుంది. ఇరుసు దగ్గర రెండు దిక్కులా కడ్డీలు దిగి బోల్టులు పడేదే కావాలి. పాతకాలపు నల్ల సైకిల్ ఉంటే అదృష్టం. పాలోళ్లు పాల క్యాన్లు కట్టుకుని తిరిగే క్యారియర్ అదే కదా.

బుట్టకు వేలు పోయక్కర్లేదు. మేదరివాళ్ల దగ్గర లోతైన వెదురు గంప తీసుకోండి, లేదంటే పాల ప్యాకెట్ల ప్లాస్టిక్ ట్రే. కింద పలక వేసి నాలుగు చోట్ల బోల్టులు బిగించండి, పైనుంచి పాత ట్యూబు ముక్కలతో లాగి కట్టండి. ట్యూబు ఒక్కటే నమ్ముకోవద్దు, ఎండకు సాగిపోతుంది. చక్రం పక్కన ఆడవాళ్ల సైకిళ్లకు ఉంటుందే చీర గార్డు, అది రెండువైపులా వేయించండి. తోక పుల్లల్లో పడిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

సైడ్ స్టాండ్ మీద కుక్కను వదిలి టీ తాగడానికి మాత్రం పోకండి. అది ఒక్కసారి కదిలితే సైకిల్‌తో సహా పడుతుంది.

గుండ్రాంపల్లి రైడర్
ఇంత తతంగం దేనికి? నాటుకుక్క కదా, పక్కన పరిగెత్తించండి.

పాలమూరు పెడల్
ఏడాదిన్నర దాటింది కాబట్టి ఎముకలకు ఇబ్బంది లేదు, కానీ మన రోడ్ల మీద ట్రాక్టర్లు, బర్రెలు, వీధికుక్కలు. తాడు హ్యాండిల్‌కు కట్టి పరిగెత్తించేవాళ్లను చూశాను, కుక్క పిల్లిని చూసి పక్కకు లాగితే ఇద్దరూ రోడ్డు మీదే. నేనైతే కట్ట మీద దింపి, తాడు పట్టుకుని నడిపిస్తాను.

దవాఖాన తమ్ముడు
పశువుల దవాఖానలో పనిచేస్తాను. ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి నడుస్తుంది. మార్చి చివరికి వచ్చాక పొద్దున ఏడు దాటితే ఎక్కించకండి. మేలో నల్గొండ ఎండ 44, 45 డిగ్రీలు, మీకు తెలియనిది కాదు. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది దాని ఒంటి వేడి. 104 దాటితే ప్రమాదం. నాలుక ముదురు ఎరుపైనా, నోట్లోంచి చిక్కటి జొల్లు కారినా, నడక తూలినా వెంటనే నీడకు తీసుకుపోయి చల్లటి నీళ్లు ఒంటి మీద పోస్తూ విసరండి. తడిగుడ్డ కప్పేసి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. అట్లాగే దవాఖానకు తీసుకురండి. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకైతే ఎండలో సైకిల్ సవారీ వద్దే వద్దు.

కట్ట మీద దింపి నడిపించేటట్లయితే, ముందు మీ చెయ్యి వెనకవైపు తారు మీద పెట్టి చూడండి. ఏడు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలు కూడా పెట్టలేవు.

రేబీస్ సూది వేయించారా? వీధికుక్కల మధ్యకు తీసుకెళ్తున్నారు.

పానగల్ రోడ్డు
వేయించాను, కార్డు ఉంది. ఆ వీధికుక్కలే నా టెన్షన్. నేనొక్కడినే పోతే పట్టించుకోవు, దీన్ని చూస్తే అన్నీ లేస్తాయి.

పాలమూరు పెడల్
తొక్కి తప్పించుకుందామని చూడకండి, వెంటపడతాయి. దిగి, సైకిల్‌ను వాటికీ మీకూ మధ్యన ఉంచి నెమ్మదిగా నెట్టుకుంటూ నడవండి. పిల్లలు పెట్టిన కుక్క ఏ గల్లీలో ఉందో ముందే చూసుకుని ఆ దారి వదిలేయండి. ఒకవేళ మీకు పన్ను తగిలిందా, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి అదే రోజు సూదికి వెళ్లండి. చిన్న గీతే కదా అనుకోవద్దు.

అచ్చంపేట అక్క
మధ్యలో వచ్చి అడుగుతున్నా. మేము నలుగురం సైకిళ్ల మీద మన్ననూరు నుంచి ఫరహాబాద్ దిక్కు పోదామనుకుంటున్నాం. మా కుక్కను తేవచ్చా?

దవాఖాన తమ్ముడు
వద్దక్కా. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, పెంపుడు కుక్కలను లోపలికి తీసుకుపోకూడదు. మన కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి రోగాలు అడవి జంతువులకు అంటుకుంటాయి. పైగా చిరుతకు కుక్క అంటే ఇష్టమైన తిండి. సైకిల్ మీద పోవడానికి కూడా ముందు చెక్‌పోస్టులో అడగండి.

పానగల్ రోడ్డు (23 రోజుల తర్వాత)
అందరికీ థాంక్స్. మేదరివాళ్ల గంప, నాన్న పాత నల్ల సైకిల్, చీర గార్డు, అన్నీ కుదిరాయి. పదకొండు రోజులు గంప నేల మీదే ఉంది. పన్నెండో రోజు మధ్యాహ్నం చూస్తే బూరె అందులో వెల్లకిలా పడి నిద్రపోతోంది. ఈ రోజు మొదటిసారి కట్ట దాకా పోయాం. నీళ్ల ఒడ్డున కొంగలు లేస్తే ఒక్కసారి లేచి నిలబడింది, తాళ్లు ఆపాయి, నేను కూడా రెండు బ్రేకులు మెల్లగా పట్టాను. మళ్లీ కూర్చుంది. ఇబ్బంది ఒక్కటే, ఇంటికొచ్చాక దిగనంది. పావుగంట సైకిల్ పట్టుకుని నిలబడ్డా. చివరికి అమ్మ పెరుగన్నం గిన్నె చూపిస్తే దిగింది.

సాగర్ రోడ్డు సైకిల్ షాపు
బాగుంది తమ్ముడూ. గుంతల రోడ్డుకు నట్లు వదులవుతాయి, గంప కింద ఓసారి చూసుకో.

పానగల్ రోడ్డు
ఇప్పుడే చూశా అన్నా. ఎడమవైపు వెనకది సగం ఊడి ఉంది. పానా తెస్తున్నా.